ఫోల్మర్ గారి లావు వాలు అక్షరాలు

ఫోల్మర్‌కి లోకంలో ఒకే రకం అక్షరం నచ్చేది: లావుగా ఉండి, పక్కకి వాలినది. ఫోబోర్ రేవులో మా అచ్చాఫీసు నిండా నిటారుగా నిలబడే సన్న సీసపు టైపు ఉండేది. అదంతా దుమ్ము తిని బతికేది. టైపు కూర్చే ఆయన చెయ్యి మాత్రం కిటికీ కింది లావు అక్షరాల పెట్టెలోకే పోయేది.

ఆ అక్షరాల్ని చూడాలి! పొట్టలు ముందుకి తోసి, తోకలు వెనక్కి విసిరి, పడవ తప్పిపోతుందని పరిగెత్తే మోతుబరుల్లా ఉండేవి. నాటకాల గోడప్రకటనలకి బ్రహ్మాండంగా నప్పేవి. ఫోల్మర్ చావు కబురు కూడా వాటితోనే కూర్చేవాడు.

ఓసారి ఒకావిడ, తన భర్త పోయిన కబురుతో మేం అచ్చేసిన కార్డు పట్టుకుని ఫోల్మర్ దగ్గరికి వచ్చింది. “ఏమయ్యా, మా ఆయన పోయాడా, పరుగు పందెం గెలిచాడా?”

“బతికుండగా మరీ నెమ్మదిగా నడిచేవారు కదమ్మా. ఇప్పుడైనా కాస్త తొందరపెడదామని!”

ఆవిడ నవ్వాపుకోలేక ఇంకో ఇరవై కార్డులు వేయించుకుంది.

మా యజమానురాలు ఆగ్నెతే గారు మాత్రం నవ్వేది కాదు. ప్రూఫులన్నీ ఆవిడే దిద్దేది. ప్రతి ప్రూఫుకీ ఒక సంతకం, ఒక తిట్టు.

“మూడు చరణాల పాటకి ఆరు పేజీలా! కాయితం మీ తాత చేసి పంపుతున్నాడా?”

చివరికి ఒకరోజు తేల్చేసింది. “శనివారం పాత సీసం కొనేవాడు వస్తాడు. నీ లావుపాటి దండుని కరిగించేస్తాడు.”

ఫోల్మర్ ముఖం పాలిపోయింది. “అవి తప్ప ఏదైనా అమ్మండి అమ్మగారూ. కావాలంటే నన్ను అమ్మండి.”

“నిన్నెవడు కొంటాడయ్యా?”

ఆ వారమే ఆయన జ్వరంతో పడుకున్నాడు. రొట్టెల దుకాణం టూర్‌వాల్, ఎల్నా దంపతుల పాతికేళ్ళ పెళ్ళిపండక్కి చుట్టాలు కట్టిన పాట, ఆయన దగ్గర పని నేర్చుకునే నా చేతికొచ్చింది. సన్న టైపుతో ముచ్చటగా కూర్చాను. అంతకుముందే అదే టైపుతో చేపల కొట్టు ధరల పట్టీ కూర్చి ఉన్నాను. దాంట్లోని పంక్తి ఒకటి బల్ల మీదే మిగిలిపోయి, నా తొందరలో మూడో చరణంలో చేరిపోయింది.

ఆగ్నెతే గారు ప్రూఫుని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. దగ్గరికి తెచ్చుకుంది. “భేష్! పనంటే ఇదీ!” అని సంతకం పెట్టేసింది.

శుక్రవారం విందు. కాగితం మీదున్నది ఆఖరి ముక్క దాకా పాడటం మా ఊరి మర్యాద. అరవైమందీ గొంతెత్తి పాడారు:

“పాతికేళ్ళకీ మా ఎల్నా ఎలా ఉందో చూడండీ,
ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేప, నేడు సగం ధర!”

ఒక్కరూ ఆగలేదు. టూర్‌వాల్ అయితే ఆ చరణం రెండోసారి అందుకున్నాడు. నేను బల్ల కింద చోటు వెతుక్కుంటున్నాను.

“ఆగ్నెతే, నువ్వు చదివే సంతకం పెట్టావా?” అంది ఎల్నా.

ఆగ్నెతే గారు కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని వెతికింది. ఆ పంక్తి ఆవిడకి దొరకలేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఆవిడ కంటికి సన్న అక్షరం ఆనదు. కళ్ళద్దాలు పెట్టుకోవడం కంటే సముద్రంలో దూకడం నయమనుకునే మనిషి.

శనివారం పొద్దున్నే ఫోల్మర్ మెడకి మఫ్లరు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సీసం బేరగాడు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు.

ఆగ్నెతే గారు గొంతు తగ్గించి ఫోల్మర్‌ని అడిగింది. “నా కళ్ళ సంగతి నీకు తెలుసా?”

“ఏడేళ్ళుగా, అమ్మగారూ. మీరు చదవగలిగేంత లావు టైపు మన దగ్గర ఈ వాలుది ఒక్కటే. నిటారుది ఉంటే అదే వాడేవాణ్ణి.”

“మరి ఇన్నాళ్ళూ తిట్లెందుకు తిన్నావు?”

“కళ్ళద్దాలు పెట్టుకోమంటే ఇంకా తిట్టేవారు కదా!”

ఆవిడ బేరగాణ్ణి ఖాళీ బండితో పంపేసింది. నా వైపు తిరిగి, “ఎల్నాకి క్షమాపణ కార్డు ఒకటి కూర్చు” అంది.

“ఏ టైపుతోనండీ?”

“లావుదే. ఈసారి చదివే సంతకం పెడతాను.”