విత్తనానికి విడిచిన తక్కాళి

నాటు టమాటాను మా తిరుత్తణి పక్క తక్కాళి అనే అంటాము. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మా పెరట్లో ఏటా అదే విత్తనం. అంగడి ప్యాకెట్టు తెచ్చి వేస్తే కాయ గట్టిగా ఉంటుంది, పులుపుండదు, దాని విత్తనం మళ్ళీ వేస్తే ఆ కాయే కాయదు.

ప్రతి ఏడూ మంచి చెట్టున ఒక పండును విత్తనానికి విడిచి, ఎవరూ కోయకుండా కాడకు గుడ్డ పీలిక కట్టేదాన్ని. పోయిన ఏడు గుడ్డ చింపడానికి మనసు రాలేదు. అందరికీ తెలుసులే అనుకున్నాను. కోడలు ఆ పండు కోసి చారు పెట్టేసింది. చెట్లన్నీ ఎండిపోయినాయి, అదే కడపటి పండు. నోటికొచ్చినట్టు తిట్టినాను. ఆ పిల్ల ఆ పూట అన్నం తినలేదు.

ఆ విత్తనం ఇంక యాడుంది? కే.జీ.కండిగైలో మా ఆడబిడ్డకు ఎప్పుడో ఇచ్చినాను. బస్సెక్కి పోయినాను. సంగతంతా విని ఆమె నవ్వింది.

"గుడ్డ కట్టినావా వదినా?"

"లేదు."

"మరి ఆ బిడ్డకెట్లా తెలుస్తుంది? నాకిచ్చేటప్పుడు పదే గింజలు ఇచ్చినావు, పిసినారి వదినా! నీ చేతికియ్యను. కోడల్ని పంపు, ఆమెకే ఇస్తా."

ఇంటికొచ్చి రెండు రోజులు ఆ సంగతి కోడలికి చెప్పకుండానే గడిపినాను. నారు పోసే అదును దాటిపోతా ఉంది. మూడో రోజు కోడలు కసువు చిమ్ముతా ఉంటే దగ్గరికి పోయి, "తప్పు నాదేమ్మా. కండిగై అత్త దగ్గరికి పోయి విత్తనం తీసుకురా, నీ చేతికే ఇస్తుందంట" అన్నాను.

ఆమె పొరక పక్కన పెట్టింది. "నువ్వూ రా అత్తా. ఆ మాట కండిగై అత్త ముందర ఇంకోతూరి చెప్పుదువు."

ఇద్దరమూ పోయినాము.