పేర్లు వెతికిన అవ్వ

"అవ్వ పోయింది టీచరమ్మా. నిన్ననే మట్టి జేసినం. నీ నంబరు ఇయ్యాల్నే దొరికింది." హాలియా నుంచి వచ్చిన ఆమె కూతురు ఫోన్లో ఏడుస్తూనే ఇంకో మాట కూడా చెప్పింది: "అన్ని తింటున్నయి గని, గా పేరు లేని కుక్క ముద్ద ముట్టుతలేదు."

జడ్చర్ల దగ్గర, హైవేకి కాస్త లోపలున్న ఊరి బడిలో చేరినప్పుడు నాకు కిరాయికి దొరికిన గది అవ్వ దొడ్డి పక్కనే ఉండేది. ఒకప్పుడది గొర్ల దొడ్డి. తాత పోయాక గొర్లను అమ్మేశారు. దొడ్డి మాత్రం ఖాళీగా ఉండలేదు. పట్నం నుంచి కార్లలో తెచ్చి రోడ్డు మీద వదిలేసిన కుక్కలు, పిల్లులు, ఒకసారి రెక్కలు కత్తిరించిన చిలుక కూడా వచ్చి చేరాయి. ఇల్లు మారామనో, బిడ్డ పుట్టిందనో, కుక్క ముసలిదైందనో వదిలేసేవాళ్లు. కారణాలకేం కొదవ? నాకేమో కుక్కలంటే ప్రాణభయం. దేవుడు ఏరికోరి నాకు ఆ గదే ఇప్పించాడు.

"నిన్ను కరవయి బిడ్డా. కరిచేదాన్ని ఎవ్వరు కారెక్కించుకొని తీసుకరారు" అని నవ్వేది అవ్వ. నాకు జ్వరమొస్తే గంజి తెచ్చి, నుదురు ముట్టుకోకుండా చెవులు పట్టుకొని చూసేది. గొర్లకూ కుక్కలకూ నాకూ ఆమె దగ్గర ఒకటే పరీక్ష!

దొడ్డికి వచ్చిన జీవానికి అవ్వ కొత్త పేరు పెట్టేది కాదు. పాత పేరు వెతికేది. నూకల అన్నం పెట్టి, ఎదురుగా పీట వేసుకొని, తెలిసిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా పిలిచేది. టామీ, జిమ్మీ, రాజా అయిపోతే మా బడి పిల్లలు బ్రూనో, కాండీ, లియో అంటూ అందించేవారు. ఏదో ఒక పేరు దగ్గర చెవులు నిక్కేవి, తోక ఆడేది. "అగో, దొరికింది!" అని అవ్వ తొడ చరుచుకునేది.

ఇంత తంటా ఎందుకు, ఏదో ఒక పేరు పెట్టరాదా అని ఒకసారి అడిగాను.

"పారేసినోడు పారేసిండు బిడ్డా, గిది దాసుకున్నది. దాని దగ్గరున్నది గదొక్కటే. గది గూడ నేను గుంజుకోవాల్నా?"

ఓ మధ్యాహ్నం గేటు ముందే కారు ఆగింది. ఒకాయన తేనెరంగు కుక్కను దించాడు. పెద్దది, మూతి దగ్గర నెరిసింది. నాకు ఒళ్లు మండి "సిగ్గులేదా" అని లేచాను. అవ్వ నా చెయ్యి పట్టి ఆపి, తానే కుంటుకుంటూ కారు దాకా వెళ్లింది.

"నిన్నేమనను సారూ. నీ తిప్పలు నీకుంటయి. దీని పేరొక్కటి చెప్పిపో."

అద్దం పైకి లేచింది. కారు వెళ్లిపోయింది. దాని వెనకే రోడ్డు దాకా ఉరికి అక్కడే నిలబడిపోయిన కుక్క మెడకు కొంగు చుట్టి అవ్వ మెల్లగా తీసుకొచ్చింది.

దాని పేరు ఎన్నటికీ దొరకలేదు. ఎన్ని పేర్లు పిలిచినా ముందరి కాళ్ల మీద గదుమ ఆనించుకొని చూసేదే తప్ప కదిలేది కాదు. పిల్లలకు విసుగొచ్చింది, నాకూ వచ్చింది. అవ్వకు రాలేదు. "ఉన్నది. దొరుకుతది. తొందరేమున్నది?" అనేది.

ఆ దొడ్డి గేటు ఎవరూ తీయకూడదు, తీస్తే కుక్కలు రోడ్డెక్కుతాయి. పాలతను గానీ, సూదులేసే డాక్టరు గానీ, బయట నిలబడి "అవ్వా!" అని పిలవాల్సిందే. అందరికంటే గట్టిగా అరిచేది నేనే. ఆమె పుట్టిల్లు మర్రిగూడ. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగి వంకరపోయిన మోకాళ్లతో ఆమె లేచి రావడానికి చాలాసేపు పట్టేది. ఆ తేనెరంగు కుక్క ముందు నడిచేది. నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి ఆమె కోసం చూసేది. అవ్వ అందుకున్నాక మళ్లీ నాలుగడుగులు.

తర్వాత నాకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. సెలవుల్లో వెళ్లి వచ్చేదాన్ని.

ఫోన్ వచ్చిన సాయంత్రమే బస్సెక్కాను. గేటు దగ్గర నిలబడగానే అలవాటుగా "అవ్వా!" అనేశాను. లోపల కూతురు కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

గుమ్మం ముందు పడుకున్న తేనెరంగు కుక్క లేచింది. నా వైపు నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి తలుపు వైపు చూస్తూ నిలబడింది.

"అప్పటిసంది లేవనే లేదు టీచరమ్మా" అంది కూతురు.

లోకంలో ఉన్న పేర్లన్నీ పిలిచి చూశాం. ఊరంతా రోజూ పిలిచే ఆ ఒక్క పిలుపుకే అది లేస్తుందని మాకు తట్టనే లేదు. అవ్వకైనా తెలుసో లేదో.

నేనే గేటు తీసి, వేసి, లోపలికి వెళ్లాను. అవ్వ వేసుకునే పీట మీద కూర్చొని నూకల అన్నం కలిపాను. "దొడ్డి ముయ్యను, ఈడనే ఉంట" అంటూ కూతురు నీళ్ల గిన్నె తెచ్చి పెట్టింది. కుక్క తలమీద చెయ్యి వేశాను. నాకు భయం వేయలేదు.

చాలాసేపటికి అది నా చేతిలోంచి ఒక ముద్ద తిన్నది. తర్వాత ఇంకొకటి. ముద్దముద్దకూ తల ఎత్తి, అవ్వ లేచి నడిచి రావడానికి పట్టేంతసేపు, ఆ గుమ్మం వైపే చూసింది.