అంజయ్య చెవి, కోటేశ్వరమ్మ పెరుగు

నాంపల్లి స్టేషన్‌కు ఎదురు సందులో అంజయ్యకు ఒక మల్గి ఉంది. దుకాణం అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక షట్టరు, దాని వెనక పదడుగుల చోటు, ఆ చోటులో తలుపులూడిన ఫ్రిజ్‌లు నాలుగు, వాటి మధ్య ఒక నవారు మంచం. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన ఆ మంచం మీద ఒరుగుతాడు. ఒరిగిన ఐదు నిమిషాలకు కల వచ్చేస్తుంది. అరవై రెండేళ్ల మనిషికి పట్టపగలు కలలేమిటని భార్య శంకరమ్మ నవ్వుతుంది గానీ, ఆ కల కోసమే ఆయన ఈ మధ్య అన్నం కూడా గబగబా తినేస్తున్నాడు.

కలలో ఆయనకు ఫ్రిజ్‌లు వినిపిస్తాయి. నలభై ఏళ్లలో తాను బాగుచేసినవన్నీ. చిరాగ్ అలీ లేన్ డాక్టరుగారింట్లో ఒంటి తలుపు ఫ్రిజ్ ఒకటుండేది, ఆగేముందు ఒక్కసారి దడదడలాడి ఊరుకునేది. గన్‌ఫౌండ్రీలో విద్యావతి టీచరమ్మ ఇంటిది రోజంతా సన్నగా కూనిరాగం తీసేది. కాచిగూడ లాడ్జిలోది పట్టాల మీద రైలు కదిలితే తానూ కదిలేది. వాటిలో సగం ఎప్పుడో తుక్కు కింద పోయాయి. కలలో మాత్రం అన్నీ ఒకే పెద్ద హాలులో, తలుపులు కాస్త కాస్త తెరుచుకుని, లోపలి చిన్న బల్బుల వెలుగు నేల మీద పరుచుకుని ఉంటాయి. అంజయ్య వట్టి కాళ్లతో ఆ వెలుగులో నడుస్తాడు. ఏది ఎవరింటిదో చూడకుండానే చెబుతాడు.

అంతలో మెలకువ వస్తుంది. షట్టరు అవతల ఆటోలు, బస్సులు, ఇడ్లీ బండి ముందు జనం, అందరూ నోళ్లు కదుపుతూ ఉంటారు. చప్పుడు మాత్రం ఎక్కడో గోడ అవతల మిగిలిపోతుంది.

ఎడమ చెవి రెండేళ్ల కిందట పోయింది. కుడిది పోతూ ఉంది. ఆయన ఎవరికీ చెప్పలేదు కాబట్టి నేను చెప్పేస్తున్నాను. శంకరమ్మకు కూడా తెలియదు. పిలిస్తే పలకడం మానేశాడనీ, వయసుతో పాటు పొగరు కూడా పెరిగిందనీ ఆమె అనుకుంటోంది. చెవి పోయిందనే మాట కన్నా పొగరుబోతు అనే పేరే నయమనిపించింది ఆయనకు.

ఎందుకనిపించదు? ఆబిడ్స్, నాంపల్లి మొత్తం మీద అంజయ్యకున్న పేరే చెవి వల్ల వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, వంటింట్లోకి వచ్చి, వేలొకటి పైకెత్తేవాడు. మిక్సీ ఆగేది, కుక్కరు కింద మంట ఆగేది, అత్తాకోడళ్ల మాటలు కూడా ఆగేవి. కొన్ని ఇళ్లలో అవి ఆగడం అదే మొదటిసారి. ఫ్రిజ్ పక్కకు చెవి ఆనించి కళ్లు మూసుకుని ఒక నిమిషం నిలబడేవాడు. "గ్యాస్ గాదు, ఫ్యాను అరిగింది," అనేవాడు. విప్పి చూస్తే ఫ్యానే అరిగి ఉండేది. పనిముట్లు అందరి దగ్గరా ఉంటాయి. చెవి ఒక్క అంజయ్యకే ఉండేది.

ఈ చలికాలం మొదట్లో ఆయన మనసులో ఒక మాట అనుకున్నాడు. ఇంకొక్క ఇల్లు చూస్తాను, అక్కడ కూడా నాకు వినపడకపోతే షట్టరు దించేస్తాను అని. ఆ ఒక్క ఇల్లు ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక, రెండో అంతస్తులో ఉన్న కోటేశ్వరమ్మగారి ఇల్లు అయింది.

కోటేశ్వరమ్మ మామగారు యాభై ఆరులో తెనాలి నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చినాయన. ఆ ఇంటి వాళ్లు అప్పటినుంచీ ఆబిడ్స్ దాటలేదు, "మా వైపు" అనడమూ మానలేదు. కోటేశ్వరమ్మకు ఇప్పుడు డెబ్బై ఏడు. కోడలు లహరి బ్యాంకులో పనిచేస్తుంది, మంచి పిల్ల. మొన్నటి వానాకాలంలో వంటిల్లు మొత్తం కొత్తగా చేయించి, గోడ పొడుగునా ఒకేలాంటి చెక్క తలుపులు పెట్టించింది. వాటిలో ఒక తలుపు వెనక ఫ్రిజ్ ఉంటుంది. ఫ్రిజ్ ఉందని ఎవరికీ తెలియకపోవడమే దాని గొప్పట! మంచినీళ్ల కోసం వెళ్లిన చుట్టాలు కందిపప్పు డబ్బాలు చూసి తిరిగివస్తారు. మొదటి నెలంతా కోటేశ్వరమ్మ పాలగిన్నె పట్టుకుని చీపుర్ల అల్మారా తెరిచేది.

అంజయ్య వెళ్లింది మధ్యాహ్నం మూడింటికి. లహరి ఆ రోజు సెలవు పెట్టింది.

"అంజయ్యగారూ, రెండు నెలలుగా ఈ ఫ్రిజ్‌తో ఇదే గొడవ. కంపెనీ వాళ్లు రెండుసార్లొచ్చారు. ఏం లేదంటారు, వెళ్లిపోతారు. మొన్నొచ్చినతను మోటారు మార్చాలన్నాడు. అంటే ఈ చెక్కపనంతా విప్పాలి," అంది.

ఆమె ఎదురుగా నిలబడి చెప్పింది కాబట్టి అంజయ్యకు అందింది. వేలు పైకెత్తాడు. ఇల్లు నిశ్శబ్దమైంది, లేదా అయిందని ఆయన అనుకున్నాడు. చెక్క తలుపుకు చెంప ఆనించాడు. నున్నగా, చల్లగా, వార్నిష్ వాసన వేస్తూ ఉంది. కళ్లు మూసుకున్నాడు. సన్నగా ఒక హోరు మొదలైంది. అంజయ్య గుండె పొంగింది. మరుక్షణం ఆ హోరు కూనిరాగం అయింది, గన్‌ఫౌండ్రీ టీచరమ్మ ఇంటి కూనిరాగం. తాను వింటున్నది ఈ ఫ్రిజ్‌ను కాదు. కలనే వింటున్నాడు.

భయం వేసింది. నలభై ఏళ్లలో ఏ యంత్రం ముందూ అంత భయం వేయలేదు.

కళ్లు తెరిచేసరికి అత్తాకోడళ్లిద్దరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి. ఏమనాలో తెలియక, ఎన్నడూ అడగని ప్రశ్న అడిగాడు.

"అమ్మా, మీరు చెప్పుండ్రి. ఎప్పుడెట్లుంటది గిది? జర నా దిక్కు చూస్కుంట చెప్పుండ్రి."

కోటేశ్వరమ్మ ముందు తననే అడిగాడా అని కోడలి వైపు చూసింది. ఫ్రిజ్ గురించి ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగాడు కాబట్టి కుర్చీ లాక్కుని కూర్చుని పది నిమిషాలు చెప్పింది. ఒక్కో మాటా నోరారా పలికే మనిషి, అంజయ్యకు ఆ పెదవులు పెద్దక్షరాల పుస్తకంలా కనిపించాయి.

"తెల్లారేసరికి పాలు విరిగిపోతాయి నాయనా. కొత్తిమీర వాడిపోయుంటుంది. మళ్లీ పన్నెండయ్యేసరికి రాయిలా గడ్డకట్టే చలి. వానల్లో బాగానే పనిచేసింది. కార్తీకం వెళ్లి చలి ముదిరాక మొదలైంది ఈ మాయ."

చలికాలంలో వేడెక్కే ఫ్రిజ్‌ను అంజయ్య ఎన్నడూ చూడలేదు. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగి చూశాడు, బిగువుగానే ఉంది. వంగి కింద చూశాడు. నేలకు జానెడు ఎత్తున, తలుపు అడుగున, పొడుగాటి జాలీ ఉంది. ఇలా గోడలో ఇమిడిపోయే ఫ్రిజ్‌లకు వెనకా పక్కలా గాలి ఆడే చోటుండదు. చల్లగాలి పీల్చుకోవడం, వేడిగాలి వదలడం అన్నీ ఆ జాలీలోంచే. దాన్ని ఊడదీసి చూస్తే కాస్త దుమ్ము తప్ప ఏమీ లేదు. కంపెనీ వాళ్లకు కనిపించిందీ ఆ ఏమీ లేకపోవడమే.

"రేపు పొద్దుగాల వస్త. మీరు లేచే యాళ్లకు," అన్నాడు.

"అంత పొద్దున్నే ఎందుకు నాయనా?" అంది కోటేశ్వరమ్మ, ముఖం ఒక్కసారిగా వాడిపోయి. అంజయ్య దాన్ని చూశాడు.

మర్నాడు నాంపల్లి నుంచి నడిచే వెళ్లాడు. జనవరి ఆఖరు మంచు. స్టేషన్ గడియారం మంచులో సగమే కనిపిస్తోంది. చాయ్ హోటల్లో నీళ్లు కాగే సమోవారు నుంచి ఆవిరి లేస్తోంది. పాలప్యాకెట్ల డబ్బాలు దింపుతున్న మనిషి నోరు తెరిచి ఏదో పాడుతున్నాడు, ఏ పాటో తెలియలేదు. ఆబిడ్స్ దుకాణాలన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. అంజయ్యకు తాను ఇంకా మంచం మీదే ఉన్నాననిపించింది. ఈ తెల్లటి వెలుగు, ఈ మెత్తటి నడక అంతా కలలోదే. కలలోనైతే తనకు అడుగుల చప్పుడు వినిపించాలి కదా అనుకుని, కావాలని చెప్పులు నేలకేసి కొట్టి చూశాడు. వినిపించలేదు. మెలకువే.

తలుపు తీసింది కోటేశ్వరమ్మ. లహరీ, కొడుకు విశ్వనాథ్ ఇంకా లేవలేదు. ఆమె ఆయన్ను గుమ్మంలోనే నిలబెట్టి గబగబా వంటింట్లోకి వెళ్లబోయింది. అంజయ్య చెప్పులు విడిచి వెనకే వెళ్లాడు.

జాలీ ముందు మూడు గిన్నెలు బారుగా ఉన్నాయి. రెండింట్లో పెరుగు, ఒకదాంట్లో ఇడ్లీ పిండి. వాటి చుట్టూ పాత నేతచీర నాలుగు మడతలు పెట్టి, గిన్నెలకీ జాలీకీ మధ్య సందు లేకుండా, చంటిపిల్లకు దుప్పటి కప్పినట్టు దోపి ఉంది. అంజయ్య కూర్చుని చీర తొలగించి జాలీ మీద అరచెయ్యి పెట్టాడు. చురుక్కుమంది. తీసేసుకున్నాడు.

కోటేశ్వరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. పెదవులు కనబడక, మాట అందక అంజయ్య ఆమె ముఖం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె కొంగు తీసింది.

"చలికి తోడు పెట్టిన పాలు పాలలాగే ఉండిపోతున్నాయి నాయనా. ఒకరోజు ఇక్కడ తుడుస్తుంటే చేతికి వెచ్చగా తగిలింది. ఇంత వెచ్చటి గాలి ఊరికే పోతోందే అనిపించింది. పెడితే ఎంత గట్టి పెరుగనుకున్నావు! గరిటె నిలబడుతుంది. కోడలు చూస్తే కొత్త వంటిల్లు పాడుచేస్తున్నానని బాధపడుతుందని, అది లేవకముందే తీసేస్తున్నాను."

అంజయ్యకు నవ్వు ఆగలేదు. రెండు నెలలుగా మూడు గిన్నెలు కలిసి ఒక కంపెనీని తిప్పలు పెట్టాయి. తెల్లవారగానే గిన్నెలు వెళ్లిపోతాయి, మధ్యాహ్నానికి యంత్రం తేరుకుంటుంది, మెకానిక్కులు మధ్యాహ్నమే వస్తారు!

"అమ్మా, గీడికెళ్లే గది ఊపిరి తీస్కుంటది. మీరు దాని నోరు మూసిన్రు. లోపల మోటారు కాగి కాగి, ఇగ నాతోని గాదని బందైతుంది. గిన్నెలు తీస్తే మళ్ల మొదలైతది."

"అయ్యో, పాపం," అంది ఆమె, ఒక పశువును కట్టేసి మరిచిపోయినంత నొచ్చుకుంటూ. "లహరికి చెప్పాలా?"

"నేనైతే చెప్ప. గిన్నెలు పొయ్యి పక్కన డబ్బాల పెట్టి మూత పెట్టుండ్రి. గీ జాలీ ముంగట జానెడు జాగ ఎప్పుడూ ఖాళీ ఉండాలె. మూడు నెలలకొకపారి ఊడదీసి బ్రష్షుతోని దుమ్ము తియ్యాలె."

బ్రష్షు తీసి జాలీ వెనక గొట్టాలు మెల్లగా శుభ్రం చేశాడు. ఇంక యంత్రం చల్లారాలి. ఆమె కాఫీ ఇచ్చింది. ఇద్దరూ వంటింటి నేల మీద, చెరో గోడకు ఆనుకుని కూర్చున్నారు. కిటికీలో మంచు పలచబడుతోంది. ఒక్క సంగతి మిగిలింది. రెండు నెలలు ఉడికిన మోటారు లోపల దెబ్బతిందా, లేదా? దెబ్బతింటే మొదలైన కాసేపటికే టిక్కుమని ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ టిక్కుమంటుంది. బాగుంటే లోపల చల్లబడేదాకా తిరిగి, ఒక్కసారే టిక్కుమని ఆగుతుంది. ఇది చేతికి తెలిసేది కాదు. చెక్కలు, రేకులు దాటి బయటికి వచ్చేది ఒక్క చప్పుడే.

పావుగంట తర్వాత జాలీలోంచి గాలి ఆయన చేతికి తగిలింది.

"మొదలైందా? విని చెప్పు నాయనా, బాగానే ఉందా?"

అంజయ్య లేచి తలుపుకు చెవి ఆనించాడు. కుడి చెవి. ఊపిరి బిగబట్టాడు. కూనిరాగం కూడా రాలేదు. చెక్క, అంతే. బాగుందమ్మా అనేస్తే సరిపోతుంది. రెండేళ్లుగా అలాగే అంటున్నాడు, అన్నది నిజమైనప్పుడల్లా దేవుడికి దండం పెట్టుకుంటున్నాడు. కానీ ఈ ముసలావిడ తన దొంగతనాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆమె ముందు ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"అమ్మా," అన్నాడు. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆయనకు తెలియదు. "నాకు ఇనవడతలేదు. చెవులు పోయినయి. ఇంట్ల కూడా చెప్పలే."

కోటేశ్వరమ్మ లేచి వచ్చి, తలుపుకు ఈ పక్క తన చెవి ఆనించి, ఆయనకు పెదవులు కనబడేలా ముఖం తిప్పింది.

"ఏం వినమంటావు?"

"ఏం వస్తుంటే గది చెప్పుండ్రి."

"ఊఁ... అంటోంది. సన్నగా. లోపల్నుంచి. ఆగటం లేదు."

"వణుకుతున్నదా?"

"లేదు. ఒకే తీరు. ఇప్పుడు నీళ్లు జారినట్టు చిన్న చప్పుడు, గొట్టంలో అనుకుంటా."

"గది గ్యాస్. తిరుగుతుంది. టిక్కుమన్నదా?"

"ఇంకా లేదు."

అలా ఎంతసేపు నిలబడ్డారో. ఆమె చెబుతూ ఉంది, ఆయన ఆ పెదవులే చూస్తూ ఉన్నాడు. చూస్తుండగా ఒక్కో మాటా చప్పుడుగా మారి, తలుపు వెనక యంత్రం మొత్తం ఆయన తలలో పలకడం మొదలుపెట్టింది. ఇది ఏ పాత ఇంటిదీ కాదు. ఇంతకు ముందు ఎన్నడూ వినని కొత్త గొంతు. అంజయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంటే పెదవులు కనిపించవని తుడుచుకోలేదు.

"టిక్కుమంది," అంది ఆమె, చాలాసేపటికి. ఇద్దరూ కదలకుండా ఆగారు. "ఒక్కసారే. ఇప్పుడు మెదలకుండా ఉంది. మళ్లీ అనటం లేదు."

"సల్లవడ్డది. ఆగింది," అన్నాడు అంజయ్య. "మోటారు మంచిగున్నది. చెక్కపని ఏం ఇప్పేది లేదు."

కోటేశ్వరమ్మ తలుపు మీంచి చెవి తీసింది. చెంప మీద చెక్క అంచు గుర్తు పడింది. దాన్ని రుద్దుకుంటూ ఆయన వైపు తిరిగి అడిగింది.

"మరి రేపు ఇంకో ఇంటికి వెళ్తే ఎవరు వింటారు నాయనా?"

అంజయ్య బ్రష్షు దులిపి సంచిలో పెట్టుకున్నాడు.

"ఆ ఇంటోళ్లే ఇంటరమ్మా," అన్నాడు. "నేను అడుగుత."