పెద్దత్త చిన్న ప్రార్థన

మొన్న నందిగామ సెంటర్లో కొత్తిమీర ఏరుకుంటుంటే పక్కనే మిరపకోతల ఆటో ఒకటి ఆగింది. లోపల డజను మంది ఆడవాళ్లు, ఒళ్లో అన్నం క్యారేజీలు. అందరూ తల మీద చెంగు కప్పుకుని కళ్లు మూసుకున్నారు. ఒకామె ప్రార్థన చేస్తోంది. డ్రైవరు ఇంజన్ ఆపేసి ఓపిగ్గా కూర్చున్నాడు. వాళ్లు ఆమెన్ అని కదిలి వెళ్లిపోయినా నేను కట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు మా పెద్దత్త గుర్తొచ్చింది.

పెద్దత్త అంటే మా అత్తగారి అక్క. జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్లో కోతలకు వెళ్లే ఆటో ఆమె ప్రార్థన చేయందే కదిలేది కాదు. అదేమీ చిన్న ప్రార్థన కాదు. ఎక్కిన ప్రతి మనిషి పేరూ, వాళ్ల పిల్లల పరీక్షలూ, పక్కింటి గేదె ఈతా, రైతు తోటకు పట్టిన ముడత తెగులూ, అన్నీ దేవుడికి విడమరిచి చెప్పేది. ఆటో నడిపేది మా ఊరి ముస్లిం ఆయనే, నన్ను అక్కా అని పిలిచేవాడు. ప్రార్థన చివర్లో ఆయన పేరు వచ్చేది. అది వినపడగానే ఇక అయిపోవచ్చిందని తాళం మీద చెయ్యి వేసేవాడు.

ఒక చలికాలం పొద్దున, మంచులో, చిల్లకల్లు దాటాక వెనక నుంచి లారీ లైట్లు వేసి హారన్ కొడితే పక్కకు తీయబోయి ఆటో బోల్తా పడింది. కేకలు వినపడ్డాయి. అవి నావేనని కాసేపటికి గానీ తెలియలేదు. నా మీద ఇద్దరు, నా కింద మా ఆడబిడ్డ. ఆమె కాలు విరిగింది. మిగతావాళ్లం దెబ్బలతో బయటపడ్డాం. ఆ సాయంత్రం ఒకామె, అంత పొడుగు ప్రార్థన చేశావుగా, ఏమైంది, అని పెద్దత్తను మొహం మీదే అడిగింది. ఆ రోజు నుంచి పెద్దత్త పైకి వినపడేలా ప్రార్థన చేయడం మానేసింది.

నేను బండెక్కడమే మానేశాను. కోతలకు పోలేదు. జగ్గయ్యపేట సంతకు నడిచే వెళ్లేదాన్ని. వీధిలో ఆటో చప్పుడైతే ఇంట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఎద్దులబండి కొనిపెట్టనా అని మా ఆయన వేళాకోళం చేసేవాడు. నేనూ నవ్వేదాన్ని, లోపల మాత్రం మంచులో ఆ లారీ వెలుతురే కనపడుతుండేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం నందిగామ నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. అమ్మాయికి రెండో కాన్పు, అందుకే అత్తారింట్లోనే ఉంది. ఇంకా ఇరవై రోజులున్నాయనగా నొప్పులు మొదలయ్యాయట. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చెయ్యాలన్నారట. అమ్మ వస్తేగాని లోపలికి పోనని ఏడుస్తోందట. మా ఆయన పని మీద మైలవరం వెళ్లాడు. కబురు తెలిసి ఆ ఆటో నడిపే తమ్ముడే గుమ్మం ముందుకు బండి తెచ్చాడు.

కాలు పైన పెట్టాను. దించేశాను. మళ్లీ పెట్టాను. మళ్లీ దించేశాను. అక్కడ అమ్మాయి ఏడుస్తోందని తెలుసు, కాలు మాత్రం నా మాట వినదు. అంతలో పెద్దత్త వచ్చి, నన్ను పక్కకు నెట్టి తనే ముందు ఎక్కి కూర్చుంది.

"రా అమ్మాయ్."

"నా వల్ల కాదు పెద్దత్తా. మళ్లీ పడితే?"

"పడొచ్చు. దేవుడు నాకు తోడుంటానన్నాడు గానీ, బండి పడనివ్వనని ఎప్పుడూ చెప్పలా. నేనే అట్టా అనుకున్నా. ఇన్నాళ్లూ అదే ఆలోచిస్తున్నా." పక్కన చోటు చూపిస్తూ, "పడ్డరోజున కూడా ఆయన మనల్ని వదిలి పోలా. అది నాకు తెలుసు. ఎక్కు," అంది.

ఎక్కాను. తమ్ముడు మాత్రం బండి తీయలేదు.

"ప్రార్థన చెయ్యి మామ్మా. అప్పట్నుంచీ నాకూ భయంగానే ఉంటంది."

పెద్దత్త చెంగు కప్పుకుంది. కళ్లు మూసుకుంది. తర్వాత, "తండ్రీ, మాకు భయంగా ఉంది. మాతో కూర్చో. ఆమెన్," అంది. తన పేరు రాకుండానే ప్రార్థన అయిపోయేసరికి తమ్ముడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, తాళం తిప్పాడు.

హైవే ఎక్కగానే లారీలు ఒకదాని వెనక ఒకటి మమ్మల్ని ఒరుసుకుంటూ పోతున్నాయి. పెద్దత్త చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వణుకు నాదే అనుకున్నాను. చిల్లకల్లు దాటి ఆ చోటు దగ్గరపడుతుంటే తెలిసింది, నాకంటే ఆమె చెయ్యే ఎక్కువ వణుకుతోంది. అయినా వదల్లేదు, దిగుదామనలేదు, కళ్లు తెరుచుకునే కూర్చుంది. ఆమెను చూసి నేనూ కళ్లు తెరిచాను. ప్రభువా, ప్రభువా అనడం తప్ప నాకు వేరే మాట రాలేదు.

ఆపరేషన్ గది తలుపు దగ్గర అమ్మాయి చెయ్యి నా చేతికి అందింది. "వచ్చావా అమ్మా," అంది. ఆటోలోనే వచ్చావా అని అడగలేదు. గంట తర్వాత మనవరాలిని తెచ్చి పెద్దత్త ఒళ్లో పెట్టారు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు గడిచాయి, ఎన్నో బండ్లు ఎక్కాను. భయం ఏ రోజున పోయిందని అడిగితే చెప్పలేను. భయంతోనే ఎక్కిన రోజు మాత్రం నిమిషం నిమిషం చెప్పగలను.