ఆయిల్ కలపని పెట్రోలు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఒక్క మాటే అది. కట్టెల మోపైతే ఎక్కడో ఒక గట్టు మీద దించి, మెడ సవరించుకుని మళ్లీ ఎత్తుకోవచ్చు. దీన్ని దించే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా మామ, నా భర్త తండ్రి, అమ్రాబాద్ అడవుల్లో ఒక కాంట్రాక్టరు కింద చెట్లు కోసేవాడు. అడవి పనులు ఆగిపోయాక ఆ కాంట్రాక్టరు తన పాత రంపం మిషన్‌ను మామకు వదిలేసి వెళ్లిపోయాడు. పెట్రోలుతో నడిచేది. ఎక్కడో విదేశాల్లో చేసినది. దాన్ని పట్టుకుని మామ వనపర్తి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పొలం గట్ల మీది తుమ్మలు కోసేవాడు.

నా భర్త పెళ్లైన కొద్ది కాలానికే పాము కరిచి పోయాడు. అత్తింట్లో నన్ను పొమ్మన్నవాళ్లు లేరు, ఉండమన్నవాళ్లూ లేరు. మామ మాత్రం మిషన్ భుజాన వేసుకుని, "రా బిడ్డా, కొమ్మలు గుంజుదువు" అన్నాడు. వెళ్లాను. కొమ్మలు లాగాను. ఆకురాయితో రంపపు గొలుసు పళ్లకు పదును పెట్టడం నేర్చుకున్నాను. పెట్రోలులో ఆయిల్ కలపడం కూడా నా పనే. ఆ మిషన్‌కు ఆయిల్ పెట్రోలులోనే కలిపి పోయాలి. కలపకపోతే లోపల ఇనుమును ఇనుము ఒరుసుకుని పట్టేస్తుంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. కానీ వేలు ముంచితే తెలిసిపోయేది. ఆయిల్ కలిస్తే వేలికి జిడ్డు మిగులుతుంది. కలవకపోతే క్షణంలో ఆరిపోయి వేలు చల్లబడుతుంది.

మామకు చేతనైనన్నాళ్లు అది నడిచింది. తర్వాత గోనెసంచి చుట్టుకుని అటకెక్కింది. మామ పోయాక పెద్దమనుషులు కూర్చుని మిషన్‌ను నా మరిదికి ఇచ్చారు. "ఆడిది మిషన్ ఏం జేసుకుంటది?" అన్నారు. నవ్వారు కూడా. మరిది అప్పటిదాకా గద్వాలలో ఎవరిదో ఆటో నడిపేవాడు. మిషన్‌ను చేత్తో పట్టి ఎరగడు.

అతను చెడ్డవాడు కాడు. ఇది ముందే చెప్పాలి. చెడ్డవాడైతే నాకు ఇంత బరువు ఉండేది కాదేమో.

ఆటో వదిలేసి మిషన్ మీద పడ్డాడు. మిషన్‌ను లాగి స్టార్ట్ చేసే తాడు చివికిపోయింది, కొత్తది వేశాడు. పెట్రోలు వచ్చే దారిలో రబ్బరు పొర అప్పడంలా ఎండిపోయి ఉంది. దాని కోసం వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో తిరిగాడు. చివరికి ఒక మెకానిక్ వేరే బండి రబ్బరు కోసి అమర్చాడు. గొలుసు పళ్లు నేనే రాకాను. తుప్పు నేనే తుడిచాను. అయిజ వైపు పత్తి విత్తనాల రైతులు సర్కారు తుమ్మ కొట్టించాలని అతనితో మాట్లాడుకున్నారు. నేనూ పనికి వస్తానన్నాను. "ఊర్లె నవ్వుతరు వదినా" అన్నాడు. మామ ఉన్నప్పుడు ఎవరూ నవ్వలేదే?

మొదటిసారి నడిపే రోజు ఇంటి ముందర పీట వేసి, మిషన్‌కు పసుపు కుంకుమలు పెట్టారు. నేను పెరట్లో పెట్రోలు సీసా, కొత్త ఆయిల్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. మూత తీయబోతుండగా నా తోడికోడలు వచ్చింది.

"అక్కా, ఏమనుకోకు. మిషన్ సురువయ్యేదాంక జర ఈడనే ఉండు. ముంగటికి రాకు."

మొగుడు పోయినదాన్ని. మంచి పనికి ఎదురు రాకూడదు. నాకు తెలియని ఆచారం కాదు. కానీ ఆ మిషన్ ముందుకా? నా చేతి చర్మం సగం దాని పళ్ల మీదే ఊడింది. అంతలో మరిది సీసా కోసం వచ్చాడు.

"ఆయిల్ కలిపినవా వదినా?"

"కలిపిన."

"జర ఎక్కువనే పోసినవా? బాపు గట్లనే అంటుండె."

"నాకే జెప్తున్నవారా? నీకంటె ముంగట పట్టినదాన్ని."

"అవ్ మల్ల, మా ఇంజినీర్‌వి నువ్వే!" అని నవ్వుకుంటూ సీసా పట్టుకుపోయాడు.

మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. డబ్బా నా కాళ్ల దగ్గరే ఉంది, మూత కూడా తీయలేదు.

గోడ వెనక నిలబడి విన్నాను. మిషన్ అందుకుంది. అందరూ కేకలు పెట్టారు. వాకిట్లోని ఎండు తుమ్మ మొద్దు మీద రంపం పెట్టాడు. శబ్దం సన్నబడుతూ పైకిపోతోంది. అప్పుడైనా అరవొచ్చు. ఆపరా అని ఒక్క మాట చాలు. ఎదురు రావద్దన్నారు గాని, నోరు తెరవొద్దని ఎవరూ అనలేదు కదా! నేను అరవలేదు. కీచుమని మిషన్ అరుపు వినిపించింది. తర్వాత ఏమీ లేదు. తొంగి చూస్తే అతను తాడు లాగుతున్నాడు. తాడు కదలడం లేదు.

మెకానిక్ విప్పి చూసి, ఆయిల్ చాలక లోపల గీసుకుపోయిందన్నాడు. ఇంత పాత మిషన్‌కు సామాను దొరకదన్నాడు. ఇంటికొచ్చి మరిది నా వైపు చూశాడు. అడగలేదు. చూశాడంతే. నేనే మాట అందించాను. "కొత్త డబ్బా గదా. ఎంత పొయ్యాల్నో దాని మీద రాసుంటది. నాకు రాత తెల్వదాయె."

ఊరు కూడా దాన్నే పట్టుకుంది. చదువురానిదాన్ని నమ్ముకున్నాడంది. తోడికోడలు ఏడుస్తూ ఏదో అనబోతే అతనే ఆపాడు. "ఆమెననకు. తెల్వక జేసింది." క్షమించాడు, కానీ నేను చేయని తప్పుకు.

అయిజ రైతులు జేసీబీ పెట్టించుకున్నారు. ఆటో వేరేవాడి చేతికి పోయింది. మరిది భార్యను, బిడ్డను తీసుకుని మేస్త్రీ వెంట పూణే వైపు ఇసుక మోయడానికి పోయాడు. ఆ పిల్ల నాలుగో తరగతి. నాకు బస్సు బోర్డులు చదివి చెప్పేది. మళ్లీ బడి ముఖం చూడలేదు.

నేను మాత్రం తర్వాత మా వాడలో పెట్టిన రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఎందుకు నేర్చుకున్నాను? ఆ పిల్ల వదిలేసిన పలకను నేను అందుకున్నట్టు లేదా? చదవడం వచ్చాక ఆ ఆయిల్ డబ్బా తీసి చూశాను. దాని మీదిది తెలుగే కాదు, ఇంగ్లిష్. ఆ రోజు ఆ వాకిట్లో ఉన్నవాళ్లెవరికీ అది చదవడం రాదు. అయినా చదువురానిదాన్ని నేనొక్కదాన్నే అయ్యాను. నేనే అలా అయ్యాను, దాక్కోవడానికి.

పోయిన దసరాకు మరిది ఊరికి వచ్చాడు. ఆయుధపూజకు కొడవళ్ల పక్కన మిషన్ కూడా పెట్టాడు. నడవకపోయినా తండ్రిది కదా. తోడికోడలు పసుపు గిన్నె తెస్తే, "వదినకియ్యి. బాపు తర్వాత దాన్ని జూసుకున్నది ఆమెనే" అన్నాడు. అందరి ముందు, మిషన్‌కు ఎదురుగా కూర్చోబెట్టాడు. ఒకప్పుడు దీని కోసమే కదా నా కడుపు మండింది. ఇప్పుడు దొరికింది. పట్టేసిన ఇనుము మీద నా చేత్తోనే బొట్టు పెట్టాను. అప్పుడూ నోరు తెరవలేదు.

అతనికి చెబుతానో లేదో తెలియదు. చెబితే ఆ పిల్లకు నాలుగో తరగతి తిరిగి రాదు. ఈ కాగితం మీదైనా అతను అడిగినదానికి జవాబు రాసిపెడుతున్నాను.

"ఆయిల్ కలిపినవా వదినా?"

కలపలేదు.