మామిడికి చలి పెడుతుందన్నాను

మే నెలలో జగిత్యాల బజారులో స్వెటర్ వేసుకుని చాయ్ తాగే మనిషిని నేనొక్కణ్ణే. దయగలవాళ్లు పాపం జ్వరమనుకునేవాళ్లు. నా సంగతి తెలిసినవాళ్లు మెదడు కరిగిందనుకునేవాళ్లు. మా ఆవిడ ఈ రెండో గుంపు మనిషి.

నేను పనిచేసేది కోల్డ్ స్టోరేజీలో. ఏడో తరగతితో బడికి దండం పెట్టిన నాకు అక్కడే కాస్త చదువు అబ్బింది. చింతపండును ఎంత చల్లటి గదిలో పడేసినా కిమ్మనదు. మామిడి అలా కాదు, ఎండలో పెరిగిన పిల్ల. పదమూడు డిగ్రీల దగ్గర ఉంచితే నిమ్మళంగా నిద్రపోతుంది. బాగా కిందికి దించితే లోలోపల దెబ్బతింటుంది. చలిలో ఉన్నంతకాలం ఆ దెబ్బ పైకి కనిపించదు. బయటికి తీశాక తోలు నల్లబడుతుంది, గుంటలు పడతాయి, కాయ పండకుండానే పాడవుతుంది.

ఆ ఎండాకాలం, సిరిసిల్లలో కాపురముంటున్న మా అక్కకు గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదు తీసుకెళ్లి కరెంటు పెట్టించారు. రేడియేషన్‌ను మావైపు అలాగే అంటారు. గడ్డ కరిగింది గానీ దాంతోపాటు నోటి రుచీ పోయింది. మెల్లగా తిరిగొస్తుందన్నాడు డాక్టరు. ఎప్పుడో చెప్పలేదు. ఏది తిన్నా మట్టిలాగే ఉంటుందని ఏడ్చేది అక్క. కోరుట్లలో మా పెరటి చెట్టు మామిడిపండు మాత్రం రుచి తెలిసే తినాలని పట్టుబట్టింది.

"నా నోరు మంచిగయ్యేదాక ఆపు తమ్మీ గా కాయల్ని" అంది ఫోన్లో.

"కోరుట్ల బస్సు ఆగినట్టు ఆపుత అక్కా. ఎంత తోసినా కదలయి."

కాపు అయిపోవస్తుంటే పచ్చికాయలు తొడిమలతో కోసి, సేటును బతిమాలి, ఒక పెట్టె మామిడి గదిలో పెట్టాను. ఒక్కసారే చలిలోకి నెట్టకుండా ముందు బయటి గదిలో ఉంచి, తర్వాత లోపలికి మార్చాను. పనిలోకి రాగానే ముందు ఆ గది మీటరు చూసేవాణ్ణి. మీటరు ఎంత కుదురుగా ఉన్నా కాయలు ఎల్లకాలం ఆగవు. ఇక మాగబెట్టక తప్పదనిపించి బావకు కబురు పెట్టాను. వచ్చి పెట్టె తీసుకున్నాడు. బస్సెక్కుతుంటే చెప్పాను.

"బావా, ఫ్రిజ్జుల మాత్రం పెట్టకుండ్రి. మామిడికి సలి పెడ్తది. గడ్డిల పెట్టి మీద గోనెసంచి కప్పుండ్రి."

"స్వెటర్ గూడ తొడగాల్నా బామ్మర్ది?" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నేను నోరు తెరిస్తే నవ్వడం వాళ్లకు అలవాటు.

కొన్నాళ్లాగి సిరిసిల్ల వెళ్లాను. అక్క అత్తగారు చాప మీద పరిచిన కాయలు చూపించింది. తోలంతా బూడిదరంగు మచ్చలు. వేలితో నొక్కితే రాయిలా ఉన్నాయి.

"ఇన్నొద్దులు ఫ్రిజ్జుల మంచిగనే ఉండె కొడుకా. మొన్న బయటికి తీస్తే గిట్లయినయి."

"ఫ్రిజ్జులనా? వద్దని బావకు చెప్పిన గద అత్తమ్మా!"

"చెప్పిండు. నువ్వు పరాష్కమాడినవనుకున్నం. మామిడి ఏడి చేస్తది గద. మొదలే కరెంటు పెట్టిన గొంతాయె, మంట మంట అంటది పిల్ల. ఏడి గుంజి సల్లవడితె మంచిగ మింగుతదని..."

ఆమెను ఏమనగలను? ఎవరి మేలు కోరినా చల్లగుండమనే అంటాం. దేవుణ్ణి మొక్కినా చల్లగా చూడమనే మొక్కుతాం. చలితో కీడు జరుగుతుందని చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. నా మాటకేమో నవ్వారు.

చెంగు గొంతుకు చుట్టుకుని అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. సగమైంది మనిషి. ఉన్నవాటిలో మెత్తగా అనిపించిన కాయ కోశాను. లోపల పాలిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు. వద్దంటున్నా వినకుండా అక్క ఒక ముక్క నోట్లో వేసుకుంది. చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. పండు బాగుంటే ఆమె నోటి సంగతి ఆ క్షణమే తేలేది. ఇప్పుడు తప్పు పండుదో నోటిదో ఎట్లా తెలుసుకోను?

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు చేతనైంది ఒక్కటే.

"మీ అత్త ఫ్రిజ్జుల పెట్టి మామిడికి గూడ కరెంటు పెట్టిచ్చినట్టున్నది అక్కా."

అక్క నవ్వబోయి గొంతు పట్టుకుంది. ముక్కను కష్టంగా మింగి, నా చేతిలోంచి ఇంకో ముక్క లాక్కుంది.

"నవ్వియ్యకు తమ్మీ, మండుతది. దానికి వాసన లేదు, నాకు రుచి లేదు. మాకు మాకు కుదిరింది, నడుమ నీదేంది?"