మేం కాపీ కొట్టిన వీడియో

దయ్యాల కబుర్లు మొదలైతే టీ నెపంతో లేచి వెళ్ళిపోయే రకం నేను. మాది బాగేపల్లి దగ్గర పల్లె, చింతామణిలో డిగ్రీ చదువుతున్నాను. కంటితో చూసింది, చేత్తో రాసుకున్నది తప్ప ఏదీ నమ్మను. ఇబ్బంది ఏమిటంటే, ఇది నేను కంటితో చూసి చేత్తో రాసుకున్నదే.

మా క్లాసులో నాగవేణి అని ఒక అమ్మాయి. సాదలిలో వాళ్ళు పట్టుపురుగులు పెంచుతారు. తను సొంతంగా ఒక పాట కట్టుకుంది. ఎంత బాగా పాడేదో చెప్పడం నా వల్ల కాదు. కానీ ఎవరైనా ఫోన్ తీస్తే చాలు, నోరు మూసేసేది.

మొన్న వేసవిలో తన గొంతులో గడ్డ ఉందన్నారు. నెలలో ఆపరేషన్, ఆ తర్వాత ఇక మాట కూడా రాదని డాక్టర్లు తేల్చేశారు. అప్పుడు తనే వచ్చి, ఆ పాటను వీడియో చేసి పెట్టమని మమ్మల్ని అడిగింది.

మేం నలుగురం. ఎవరికీ కెమెరా పట్టడం రాదు. ఉన్న పాటల వీడియోలు చూసి, బాగున్న షాట్లు ఏరి నోట్‌బుక్‌లో రాసుకుందామనుకున్నాం. కాపీయే, కాదనను. ఒక మధ్యాహ్నం టీ అంగడిలో నా ఫోన్ చుట్టూ మూగి పదో పన్నెండో చూశాం. నాగవేణి ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళింది.

వాటిలో ఒకదానికి శబ్దం లేదు. పట్టుపురుగుల షెడ్డు, పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు గోడకు ఆనించి ఉన్నాయి. అటు తిరిగి నిలబడిన ఒకామె మెల్లగా ఇటు తిరిగి పాడుతుంది. వెలుతురు పడి మొహం సరిగా కనబడదు. పెదాలు ఆడుతున్నాయి, పాట వినబడదు. స్పీకర్ పోయిందేమో అనుకున్నాం. తర్వాతి వీడియో బాగానే మోగింది.

షాట్ మాత్రం అందరికీ తెగ నచ్చింది. రెండు నిమిషాల పదకొండు సెకన్ల దగ్గర గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోతుందని కూడా రాశాను. అది మనకు వద్దని మళ్ళీ కొట్టేశాను. నాగవేణికి ఆ సంగతి చెప్పలేదు.

తీయడానికి సాదలిలో వాళ్ళ షెడ్డుకే వెళ్ళాం. పురుగులు గూడు కట్టే వేళ బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. అయినా వాళ్ళమ్మ మా చేత కాళ్ళు కడిగించి లోపలికి పంపింది. పంట చెడినా పరవాలేదంది. నాగవేణి పాడబోతుంటే ఆపింది నేనే.

"పెదాలు ఆడిస్తే సాలు. గొంతు స్టుడియోకి దాచుకో" అన్నాను.

సోమవారానికి చిక్కబళ్ళాపురంలో స్టుడియో మాట్లాడి పెట్టాం. గొంతు చివర్లో కలుపుకోవచ్చన్న తెలివి నాదే. ఆదివారం ఊపిరాడక తనను బెంగళూరు తీసుకుపోయారు. ఆపరేషన్ ఆ రోజే చేసేశారు.

రెండు వారాల తర్వాత మేం తీసింది తెరిచి చూశాను. ఒకే టేకు. చంద్రికలు, వెలుతురు మేం కాపీ కొట్టినవే, సరే. కానీ సరిగ్గా రెండు నిమిషాల పదకొండు సెకన్ల దగ్గర నాగవేణి గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయింది. తీసేటప్పుడు వెలుతురు హడావిడిలో నేను గమనించనే లేదు. తనను అడిగితే కాగితం మీద రాసింది, అక్కడ ఎవరో ఆపినట్టు అనిపించిందని.

శబ్దం లేని ఆ వీడియో కోసం ఫోన్‌లో వెతికాను. ఆ మధ్యాహ్నం దానికి ముందు చూసింది ఉంది, తర్వాత చూసింది ఉంది. అది లేదు. మిగతా ముగ్గురూ వెతికారు, వాళ్ళకూ దొరకలేదు. చూసినట్టు మాత్రం నలుగురికీ గుర్తుంది. నోట్‌బుక్‌లో నా కొట్టివేత అలాగే ఉంది.

మొన్న వాళ్ళమ్మ వీడియో చూపించమంది. చివరిదాకా చూసి, ఫోన్ చెవికి ఆనించుకుంది.

"గొంతు యాడుండాదప్పా దీంట్లో?" అని అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. టీ అంగడిలో చూసిన ఆ వీడియో ఎవరు తీశారో, ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. శబ్దం లేని పాటను కళ్ళారా చూసి కూడా, ముందు గొంతు రికార్డు చేద్దామని నలుగురిలో ఒక్కరికీ ఎందుకు తట్టలేదో అసలే తెలియదు.